జీడిపండు, ఆపిల్, ఎయిర్‌లాక్ జాడీ: విశాఖలో చాలాకాలం వాడాక

ఇంట్లో ఆపిల్ సైడర్ వెనిగర్ చేసుకునేవాళ్ల కోసం అమ్మే 5 లీటర్ల గాజు జాడీ కిట్ మా ఇంట్లో కొన్నేళ్లుగా వాడుకలో ఉంది. జాడీ, తీగ క్లిప్పుతో బిగించే మూత, ఆ మూతకి ప్లాస్టిక్ ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని నీళ్లలోంచి బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వని గొట్టం), అడుగున కుళాయి, రసంలో చక్కెర ఎంతుందో చూసే ఒక హైడ్రోమీటర్ కలిపి ఇస్తారు. కొనొచ్చా అని అడిగితే నా జవాబు ఇదే: హైడ్రోమీటర్ తప్పకుండా కొనండి. జాడీ సంగతి మాత్రం మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరమో చూసుకుని ఆలోచించండి.

ఒక మాట ముందే చెప్పాలి. గ్లాసులో పోసుకు తాగే సైడర్ గురించి ఇక్కడేమీ దొరకదు. 1968 నాటి మన ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. నాకు కావలసింది వెనిగరే. రసంలోని చక్కెరని ఈస్ట్ ఆల్కహాల్‌గా మారుస్తుంది, దాన్ని గాలిలో ఉండే బ్యాక్టీరియా పులుపుగా మారుస్తుంది. కల్లు పొద్దెక్కేసరికి ఎందుకు పులుస్తుందో తెలిసినవాళ్లకి ఇది కొత్త విషయం కాదు.

మన పెరళ్లలో ఆపిల్ కాయదు. హిమాచల్, కశ్మీర్ కాయ దండిగా దిగే రోజుల్లో పూర్ణా మార్కెట్లో దెబ్బ తగిలిన పళ్లు చవగ్గా ఇస్తారు. దెబ్బ తగిలినా ఫర్వాలేదు కానీ కుళ్లింది ఒక్క ముక్క కూడా వేయకూడదు. పెరటి పండే కావాలంటే మనకి జీడిమామిడి ఉంది. మా వైపు పిక్క తీసుకుని పండు పారేసేవాళ్లే ఎక్కువ. చెట్టు నుంచి రాలిన పండు ఒక్క రోజుకే పాడైపోతుంది కాబట్టి పొద్దున ఏరినది ఆ పూటే పిండాలి. పిక్క పెంకులోని జీడి తగిలితే చేతులు పొక్కుతాయి, దాన్ని మెలితిప్పి తీసేటప్పుడు జాగ్రత్త. వగరు పోవడానికి రసంలో చల్లారిన గంజి కలిపి కదపకుండా ఉంచితే వగరంతా మడ్డిగా అడుగున దిగుతుంది. పైన తేరిన రసం మాత్రం వంచుకోవాలి. గంజి కలపకుండా చేసిన వెనిగర్ నాలుక మీద పట్టేస్తుంది, మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు.

ఇక హైడ్రోమీటర్. రసంలో తేలే ఈ గాజు గొట్టం అది నీళ్ల కంటే ఎంత చిక్కనో చెబుతుంది. నీళ్లయితే 1.000, చక్కెర ఎక్కువైన కొద్దీ అంకె పెరుగుతుంది. ఆపిల్ రసం సాధారణంగా 1.045 నుంచి 1.050 మధ్య చూపిస్తుంది. పొంగు ఆగాక 1.000 దగ్గరికి వస్తే ఆల్కహాల్ సుమారు 6 శాతం అయినట్టు, అంటే వెనిగర్ కూడా గట్టిగానే వస్తుంది. మొదట్లోనే 1.035 కంటే తక్కువ ఉంటే కొంచెం పంచదార కలుపుతాను. అయితే కిట్‌తో వచ్చే కాగితంలో రాయని విషయం ఒకటుంది. ఈ గాజు గొట్టం కొలతలు సాధారణంగా 20 డిగ్రీల వేడికి లెక్కకట్టినవి. మే నెలలో మన వంటింట్లో రసం 32 డిగ్రీలుంటుంది. అప్పుడది దాదాపు 0.003 తక్కువ చూపిస్తుంది. ఆ తేడా కలుపుకోకపోతే అక్కర్లేని పంచదార పోసేస్తాం. పాలు చూసే లాక్టోమీటర్ ఇంట్లో ఉంది కదా అనుకోకండి, దాని గీతలు 1.040 దగ్గరే అయిపోతాయి.

ఎయిర్‌లాక్ పనిచేస్తుంది, కానీ అవసరం మొదటి కొద్ది రోజులే. ఎండాకాలంలో అందులో నీళ్లు ఇగిరిపోతాయి, రోజూ చూసుకోవాలి. పొంగు ఆగాక దాన్ని తీసేసి పాత నూలు పంచె ముక్క రెండు మడతలు వేసి కట్టాలి. అప్పటి నుంచి గాలి తగలాల్సిందే. ఇది తెలియక ఎయిర్‌లాక్ అలాగే ఉంచేసి పులవలేదని తిట్టుకునేవాళ్లు చాలామంది. కొద్ది రోజుల్లో పైన పల్చటి తెర కడుతుంది. అది బూజు కాదు. కానీ ఆకుపచ్చగానో నల్లగానో నూగు కనిపిస్తే మాత్రం మొత్తం పారబోయాలి.

అసలు తంటా మన ఎండతో. ఈస్ట్‌కి చల్లదనం ఇష్టం. 30 డిగ్రీలు దాటితే తొందరపడి పని చేసి నెయిల్ పాలిష్ వాసన తెస్తుంది. అందుకే ఆపిల్‌ని డిసెంబర్, జనవరిలోనే పెడతాను, రాత్రిళ్లు మనకీ 20 లోపుకి దిగుతుంది కాబట్టి. జీడిపండు మార్చి నుంచి మే దాకా వస్తుంది, తప్పదు. జాడీని నీళ్ల టబ్బులో నిలబెట్టి తడిగుడ్డ చుడతాను. రెండో దశకి మాత్రం మన వాతావరణం వరమే. పులుపు చేసే బ్యాక్టీరియాకి 25 నుంచి 30 డిగ్రీలు సరిగ్గా సరిపోతాయి. ఊటీలో చలికాలంలో నెలల తరబడి చూడాల్సిన పని ఇక్కడ తొందరగానే తెమిలిపోతుంది.

జాడీ దగ్గరే నా ఫిర్యాదంతా. మా ఇల్లు బీచ్ రోడ్డుకి దగ్గర. ఉప్పుగాలి బయటి నుంచి, వెనిగర్ ఆవిరి లోపలి నుంచి కొట్టడంతో మూత క్లిప్పు ఒక వానాకాలం దాటకుండానే తుప్పు పట్టింది. స్టెయిన్‌లెస్ అని అమ్మినవాళ్లని అడిగితే వాడకం తప్పు అన్నారు. కుళాయి వాషర్ కూడా గట్టిపడి కారింది, హార్డ్‌వేర్ షాపులో సిలికాన్ వాషర్ కొని వేశాక ఆగింది. ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే పచ్చళ్లకి వాడే పెద్ద మూతి గాజు జాడీ, విడిగా ఎయిర్‌లాక్, విడిగా హైడ్రోమీటర్ తీసుకుంటాను. గోపాలపట్నం, పెందుర్తి వైపు ఉండేవాళ్లకి ఈ తుప్పు బాధ తక్కువే ఉండొచ్చు.

వచ్చిన వెనిగర్‌ని ఉల్లిపాయ ముక్కల్లో, నూడుల్స్ పక్కన పెట్టే పచ్చిమిర్చిలో వాడతాం, బాగుంటుంది. నిల్వ ఊరగాయలకి మాత్రం వాడను. మార్కెట్ వెనిగర్‌లో కనీసం 3.75 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండాలని ఆహార భద్రత నిబంధన. ఇంట్లో చేసినదాంట్లో ఎంతుందో పీహెచ్ కాగితం చెప్పదు, అది తెలియాలంటే ల్యాబ్‌లో టైట్రేషన్ (ఆమ్లం ఎంతుందో కొలిచే పరీక్ష) చేయించాలి. మా ఇంట్లో ఆవకాయకి ఎలాగూ వెనిగర్ పడదు కాబట్టి ఆ బెంగ నాకు లేదు.