ఓఆర్‌ఎస్: లీటరు ప్యాకెట్టా, చిన్న సాషెనా, టెట్రా ప్యాకా?

మెడికల్ షాపుకెళ్లి ‘పిల్లాడికి విరేచనాలు, ఓఆర్‌ఎస్ ఇవ్వండి’ అని అడిగితే మూడు రకాల సరుకులో ఏదైనా చేతికి రావచ్చు. లీటరు నీళ్లలో కలిపే పెద్ద ప్యాకెట్, గ్లాసుడు నీళ్లలో కలిపే చిన్న సాషె, స్ట్రా గుచ్చుకుని తాగే టెట్రా ప్యాక్. మొదటి రెండూ మందులు. మూడోది మందే కావచ్చు, వట్టి తీపి పానీయమూ కావచ్చు. మూడింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం. కొనేముందు ఏం చదవాలో, ఇంటికి తెచ్చాక ఎక్కడ తేడా కొడుతుందో చెప్పుకుందాం.

ముందు అసలు సరుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2002 నుంచి సిఫార్సు చేస్తున్న ఫార్ములా ఇది: లీటరు నీళ్లకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు. రంగు, రుచి కలిపిన ప్యాకెట్లు ఇంకాస్త బరువు తూగుతాయి, అందులో తప్పేమీ లేదు. ఇలా కలిపిన నీళ్లలో లీటరుకు సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్స్ (బరువును కాక కణాల సంఖ్యను చెప్పే కొలత) ఉంటాయి. రెండూ సరిసమానం. చిన్నపేగు గోడలో ఈ రెండింటినీ కలిపి లోపలికి లాగే ద్వారం ఒకటుంది. కాడికి కట్టిన జోడెడ్లలా సోడియం, గ్లూకోజు కలిసి కదిలితేనే వాటి వెంట నీరూ ఒంట్లోకి వెళ్తుంది. విరేచనాలు ఎంత తీవ్రంగా ఉన్నా చాలావరకు ఈ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్‌ఎస్ మొత్తం దీని మీదే ఆధారపడింది.

పాత ఫార్ములాలో సోడియం 90, గ్లూకోజు 111 ఉండేవి. మొత్తం గాఢత 311. దాన్ని 245కి తగ్గించి పిల్లల మీద పరీక్షించినప్పుడు సెలైన్ ఎక్కించాల్సిన అవసరం మూడో వంతు తగ్గింది, విరేచనం పరిమాణం అయిదో వంతు తగ్గింది, వాంతులూ తగ్గాయి. ఓఆర్‌ఎస్ విషయంలో అంకెలకు ఎంత విలువుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. తీపి కాస్త పెరిగినా, నీళ్లు కాస్త తగ్గినా మందు మందులా ఉండదు.

ఇక టెట్రా ప్యాక్. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది దీని దగ్గరే. పేరులో ‘ఓఆర్‌ఎస్’ అని పెద్దక్షరాలు, వెనక ఎక్కడో ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన ఓఆర్‌ఎస్ కాదు’ అని చిన్నక్షరాలు వేసుకుని ఏళ్ల తరబడి అమ్మిన పానీయాలున్నాయి. వీటి మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడారు, తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దంది. అదే ఏడాది జులైలో, పైన చెప్పిన వాక్యం ముద్రిస్తే వాడుకోవచ్చని సడలించింది. చివరికి 2025 అక్టోబర్ 14న ఆ సడలింపులన్నీ ఎత్తేసింది. ఫార్ములా ప్రకారం లేని పానీయం పేరులో ముందూ వెనకా ఏం తగిలించినా ఓఆర్‌ఎస్ అనే మాట ఉండకూడదని ఉత్తర్వు ఇచ్చింది. చాలా ఆలస్యంగా వచ్చిన మంచి నిర్ణయం. కానీ పేరు మారినా లోపలున్న పానీయం మారదు, షాపులో అది ఉండే అరా మారకపోవచ్చు. అందుకే డబ్బా తిప్పి చదవడం మానొద్దు.

చదవాల్సింది పోషకాల పట్టీ. 100 మి.లీ.కు చక్కెర ఎన్ని గ్రాములో చూడండి. అసలు ఓఆర్‌ఎస్‌లో 100 మి.లీ.కు గ్లూకోజు 1.35 గ్రాములే. పట్టీలో 10 గ్రాములని ఉంటే అది ఏడు రెట్ల పైమాటే, అంటే కూల్‌డ్రింకుతో సమానం. పైగా చక్కెర పేగులోకి చేరాక గ్లూకోజు, ఫ్రక్టోజుగా చీలిపోతుంది, గాఢత దాదాపు రెట్టింపవుతుంది. అంత చిక్కటి ద్రవాన్ని పలుచన చేసుకోవడానికి పేగు ఒంట్లోని నీటినే లోపలికి లాక్కుంటుంది. పాపకు విరేచనాలు తగ్గలేదని ఇంకో డబ్బా తాగిస్తారు, దాంతో ఇంకా పెరుగుతాయి. సోడియం చూస్తే అందులో ఉండాల్సిన దాంట్లో కొంతే ఉంటుంది.

ఇంకో గుర్తు: డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముద్ర, 14 అంకెల నంబరు ఉంటే అది ఆహార పానీయం. మందుగా తయారైన ఓఆర్‌ఎస్ మీద ‘ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్ ఐపీ’ (ఐపీ అంటే మందుల ప్రమాణాల గ్రంథం ఇండియన్ ఫార్మకోపియా) అని, మందుల తయారీ లైసెన్సు నంబరు ఉంటాయి. సరైన ఫార్ములాతో, మందుల లైసెన్సుతో వచ్చే టెట్రా ప్యాకులూ ఉన్నాయి. ప్రయాణాల్లో, మంచినీళ్లు దొరకని చోట అవి నిజంగా అక్కరకొస్తాయి. ఇంట్లో వాడటానికి మాత్రం అంత ఖర్చు అనవసరం.

పెద్ద ప్యాకెట్‌దీ చిన్న సాషెదీ మందు ఒకటే, తేడా అంతా నీళ్ల కొలతలో ఉంది. లీటరు ప్యాకెట్ ఆశా కార్యకర్త దగ్గర, సబ్‌సెంటర్‌లో, పీహెచ్‌సీలో ఉచితంగా దొరుకుతుంది. బయట కొన్నా ఖరీదు తక్కువే. నాణ్యతలో వంక పెట్టడానికేమీ లేదు. వాడకంలో జరిగే తప్పు మాత్రం మళ్లీ మళ్లీ అదే: ప్యాకెట్ చించి, గ్లాసుడు నీళ్లలో మొత్తం పోసేస్తారు. 200 మి.లీ. నీళ్లలో లీటరు మందు పడితే సోడియం 75 బదులు 375 అవుతుంది. మన రక్తంలో ఉండేది 135 నుంచి 145. అంత ఉప్పు తాగిన పసివాడికి విపరీతమైన దాహం, చిరాకు, మగత, ఒక్కోసారి ఫిట్స్ దాకా వస్తాయి. కొందరు పొడిని అందాజాగా అయిదు భాగాలు చేసి, పూటకొకటి కలుపుతారు. ఇదీ వద్దు. లోపలి నాలుగు పదార్థాలూ ప్రతి చిటికెలో ఒకే పాళ్లలో ఉంటాయన్న భరోసా లేదు, పైగా చించిన ప్యాకెట్ వానాకాలపు తేమకు గంటల్లో ముద్ద కడుతుంది.

కొలత కోసం వెతుక్కోనక్కర్లేదు. లీటరు మినరల్ వాటర్ సీసా ఖాళీది శుభ్రంగా కడిగితే అదే కొలపాత్ర. చేతులు సబ్బుతో కడుక్కోండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు ఆ సీసాతో కొలిచి మూత ఉన్న గిన్నెలో పోయండి, ప్యాకెట్ మొత్తం వేసి, గింజ లేకుండా కరిగేదాకా శుభ్రమైన గరిటెతో తిప్పండి. కలిపాక మళ్లీ కాచకూడదు. పాలలో, పళ్లరసంలో, సోడాలో కలపకూడదు. రుచికని చక్కెర వేయకూడదు. ఒక చుక్క నోట్లో వేసుకుంటే కన్నీళ్లంత ఉప్పగా ఉండాలి, అంతకన్నా ఎక్కువైతే కొలత తప్పినట్టే, పారబోసి మళ్లీ కలపండి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాల్సిందే.

ఒక్క పిల్లాడున్న ఇంటికి చిన్న సాషెలే మంచి ఎంపిక. ఒక్కోటి 200 మి.లీ.కు, తాగినంతే కలుపుకోవచ్చు, పారబోసేది ఉండదు. కానీ ఇంట్లోని స్టీలు గ్లాసులన్నీ 200 పట్టవు. దగ్గు మందు కొలమూతతోనో, పాలసీసా మీది గీతలతోనో ఒకసారి నీళ్లు కొలిచి, ఏ గ్లాసు ఎక్కడిదాకా నింపాలో గుర్తు పెట్టుకోండి. నీరు బాగా పోయి, 10 కిలోల బిడ్డకు డాక్టర్ నాలుగు గంటల్లో 750 మి.లీ. పట్టించమన్నప్పుడు మాత్రం సాషెలు వరసగా చించుతూ కూర్చోలేం, అప్పుడు లీటరు ప్యాకెట్టే మేలు.

ఇక్కడ వైద్య విద్య గురించి ఒక మాట చెప్పాలి. పైన రాసిన 2.6, 13.5, 1.5, 2.9 అంకెలు ఎంబీబీఎస్ వైవాలో తడుముకోకుండా అప్పజెప్పే విద్యార్థులు ఎందరో. బిడ్డ తల్లిని ‘ఏ గ్లాసులో కలుపుతావమ్మా, ఒకసారి చూపించు’ అని అడగడం వార్డులో అంతకన్నా ముందు నేర్పాలి. చీటీ మీద ‘ఓఆర్‌ఎస్’ అని మూడక్షరాలు రాసి పంపేస్తే, షాపులో ఏమిచ్చారో, ఇంట్లో ఎన్ని నీళ్లు పోశారో ఎవరికీ తెలీదు. ఫార్ములా, ప్యాకెట్ పరిమాణం, నీళ్ల కొలత మూడూ రాసిన చీటీయే పూర్తి చీటీ.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ నిల్వలు సరిపోనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజు కొలిచి ప్యాకెట్లు కట్టింది, డ్రమ్ముల్లో కలిపి రోగుల బంధువుల చేతే తాగించింది. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. చదువుతో పనిలేకుండా ఎవరైనా పట్టించగలిగారంటే, కొలత ముందే సిద్ధం చేసి వాళ్ల చేతికిచ్చారు కాబట్టే.

పట్టించే పద్ధతికొస్తే, ఉగ్గుగిన్నె, చెంచా చాలు. పాలపీక సీసా వద్దు. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి పల్చటి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., రెండేళ్లు దాటితే 100 నుంచి 200. ఒక్కసారిగా గటగటా తాగిస్తే కక్కుకుంటారు. అలా కక్కితే 10 నిమిషాలు ఆగి, ఈసారి ఇంకా నెమ్మదిగా, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకూడదు. పెద్ద పిల్లలకు గంజి, ఉప్పు వేసిన మజ్జిగ, మెత్తటి పప్పన్నం పెట్టొచ్చు. విరేచనాలప్పుడు పొట్ట మాడ్చడం మన ఇళ్లలో ఇంకా పోని అలవాటు, పిల్లలు బరువు తగ్గి నీరసించడానికి పెద్ద కారణం అదే. కొబ్బరినీళ్లు తాగనివ్వండి, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, ఓఆర్‌ఎస్‌కు బదులు కావు.

బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, కళ్లు లోతుకు పోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఏ ప్యాకెట్ మంచిదన్న ఆలోచన వదిలి ఆసుపత్రికి వెళ్లాలి. దారిలో చెంచాతో పట్టిస్తూనే ఉండండి.

ఓఆర్‌ఎస్‌తో పాటు కొనాల్సింది, చాలామంది మరిచిపోయేది జింక్ మాత్ర. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, అంటే 20 మిల్లీగ్రాముల మాత్రలో సగం. ఆరు నెలలు దాటి అయిదేళ్ల లోపైతే ఒక మాత్ర. చెంచాడు తల్లిపాలలోనో కాచిన నీళ్లలోనో వేస్తే కరిగిపోతుంది. విరేచనాలు మూడో రోజుకే ఆగినా 14 రోజులూ వేయాలి, తర్వాతి నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టుకోకుండా కాపాడేది ఆ పూర్తి కోర్సే. రోజుకో మాత్ర వేయాల్సిన బిడ్డకు షాపువాళ్లు 10 మాత్రల పట్టీ ఇస్తే మిగతా నాలుగూ అప్పుడే అడిగి తీసుకోండి.