షార్ట్ సర్క్యూట్ నుంచి రక్షణ: కారు బల్బా, ఎలక్ట్రానిక్ బ్రేకరా?

డిజిటల్ కంట్రోల్‌తో నడిచే మోడల్ రైలు మార్గంలో, పాయింటు (రైలు దారి మారే చోటు) దగ్గర ఒక్క చక్రం రెండు పట్టాలనూ కలిపినా పట్టాలకు కరెంటు ఇచ్చే 5 ఆంపియర్ల బూస్టర్ ఆగిపోయి ఇంజన్లన్నీ నిలిచిపోతాయి. అందుకే పట్టాలను సెక్షన్లుగా విడదీసి, ఒక్కో సెక్షన్‌కు వెళ్లే రెండు తీగలలో ఒకదానికి 12 వోల్టులు, 21 వాట్ల కారు బ్రేక్ లైటు బల్బును సిరీస్‌లో కలుపుతారు, లేదా ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బ్రేకర్ పెడతారు.

బల్బు చవక, హైదరాబాదులో ఏ ఆటో స్పేర్ పార్ట్స్ దుకాణంలోనైనా దొరుకుతుంది. చల్లగా ఉన్నంతసేపు ఫిలమెంటు కరెంటును పెద్దగా అడ్డుకోదు. షార్ట్ కాగానే వేడెక్కి, వెలుగుతూ, కరెంటును సుమారు 2 ఆంపియర్ల దగ్గర నిలుపుతుంది. తప్పును వెతికే పనికి నాకు ఇదే నచ్చుతుంది. కూకట్‌పల్లిలోని మా మేడ గదిలో ఒక బోగీని వేలితో మెల్లగా తోస్తూ, బల్బు మినుకుమన్న చోట ఆపి చూస్తే, చక్రం వెనుక అంచు పాయింటు పట్టీకి రాసుకుంటూ కనిపించింది. అయితే ఆ 2 ఆంపియర్లు ఆగకుండా పారుతూనే ఉంటాయి, బల్బు చేయి కాలేంత వేడెక్కుతుంది (ఏప్రిల్‌లో ఆ గదికి అదనపు వేడి అక్కర్లేదు). పైగా ఒకే సెక్షన్‌లో శబ్దాలు కూడా చేసే సౌండ్ ఇంజన్లు రెండు మూడు నడిస్తే వోల్టేజీ పడిపోతుంది.

శాశ్వత రక్షణకు బ్రేకరే మేలు: అది మిల్లీసెకన్లలో కరెంటును పూర్తిగా తెంచి, కాసేపటికి తానే మళ్లీ ప్రయత్నిస్తుంది. చిక్కల్లా, సౌండ్ డికోడర్లలోని (ఇంజన్‌లో ఉండి దాన్నీ, దాని శబ్దాలనూ నడిపే సర్క్యూట్లు) కెపాసిటర్లు ఛార్జి అయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటును కూడా షార్ట్‌గా పొరబడటమే. బ్రేకర్ ట్రిప్ కరెంటును (ఎంత కరెంటు దగ్గర తెంచాలో ఆ హద్దును) బూస్టర్ సామర్థ్యం కన్నా తక్కువగా ఉంచి, ప్రతి సెక్షన్ చివరా పట్టాలకు అడ్డంగా రూపాయి నాణెం పెట్టి చూడాలి. వెంటనే ట్రిప్ కాకపోతే ముందుగా పట్టాలకు కరెంటు తెచ్చే ఫీడర్ తీగల మందాన్నీ, అతుకులనూ పరిశీలించాలి.