ఇంటి పన్ను: అద్దె లెక్కా, ఆస్తి విలువ లెక్కా?

హైదరాబాద్‌లో ఇంటి పన్నుకు ఆధారం అద్దె విలువ. మీరు సొంతింట్లోనే ఉంటున్నా, ఇంటి విస్తీర్ణాన్ని ఆ ఏరియాకు నిర్ణయించిన చదరపు అడుగు నెల అద్దెతో గుణిస్తారు. 1,000 చదరపు అడుగులు, రేటు నెలకు 2 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 24,000. అందులో పన్ను 30 శాతం అంటే 7,200. 10 శాతం తరుగుదల తీసేసి, 8 శాతం లైబ్రరీ సెస్ కలిపితే సుమారు 7,000 రూపాయలు.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి దారి మారింది. అక్కడ రిజిస్ట్రేషన్ శాఖ విలువే లెక్క. ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం లోపు పన్ను వేస్తారు. 20 లక్షల ఇంటికి 0.15 శాతమైతే 3,000. రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది. అయితే ఏటా పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. 375 చదరపు అడుగుల లోపు సొంతింటికి ఏడాదికి 50 రూపాయలే, అది నిజంగా మంచి పని.

నాకైతే అద్దె లెక్కే నయం అనిపిస్తుంది. పెంకుటింట్లో పెన్షన్ మీద బతికే పెద్దావిడకు పక్కన రోడ్డు పడి స్థలం విలువ పెరిగితే చేతికి రూపాయి రాదు, పన్ను మాత్రం పెరుగుతుంది. రెండు చోట్లా ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తుంటారు.