తమగోయాకి పెనం: రాగిదా, ఇనపదా, నాన్‌స్టిక్కా?

తమగోయాకి అంటే జపాన్‌వాళ్లు పొరలుపొరలుగా చుట్టే గుడ్డట్టు. అది చుట్టడం కాస్త చేతికి వచ్చినవాళ్లు ఆ తరవాత అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: రాగి పెనం కొనమంటారా, అంత డబ్బు పెట్టడం దండగా? ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెప్పడం అవుతోంది కాబట్టి అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చేద్దాం. మీ ఇంట్లో ఉన్నది ఇండక్షన్ పొయ్యి మాత్రమే అయితే రాగి ఊసు ఇక్కడితో వదిలేయండి. మామూలు ఇండక్షన్ మీద రాగి వేడెక్కదు. రాగిని, అల్యూమినియాన్ని కూడా వేడిచేసే పొయ్యిలు జపాన్‌లో ఉన్నాయి గానీ మన బజార్లో దొరికేవి ఆ రకం కావు. ఇండక్షన్‌కి పనికొచ్చే నాన్‌స్టిక్కో, ఇనపదో తీసుకోండి. మిగతాదంతా గ్యాస్ ఉన్నవాళ్ల కోసం.

పెనం ఎంచుకునేటప్పుడు అందరూ చూసేది గుడ్డు అంటుకుంటుందా లేదా అని. నా లెక్కలో అది రెండో విషయం. అంటుకోకుండా చేయడం నూనెతోనూ అలవాటుతోనూ వస్తుంది. పెనం మాత్రమే తేల్చగలిగేది మూలల సంగతి. బర్నర్ గుండ్రంగా ఉంటుంది, తమగోయాకి పెనం నలుచదరంగానో కోలగానో ఉంటుంది. మామూలు ఆమ్లెట్‌కి అంచులు వెనకబడ్డా ఏం కాదు, అట్లకాడతో మధ్యలోకి లాగేస్తాం. ఇక్కడ అలా కుదరదు. పల్చగా పోసిన సొన నాలుగు మూలలదాకా పరుచుకుని, అంతా ఒకేసారి సగం గట్టిపడాలి. అప్పుడే చుట్ట సాఫీగా తిరుగుతుంది.

పల్చటి రేకు పెనంలో జరిగేది వేరు. సొన పోయగానే మధ్యలో చుర్రుమని ఉబ్బుతుంది, బుడగలు లేస్తాయి, అడుగు గోధుమరంగుకి తిరుగుతుంది. మూలల్లో మాత్రం సొన ఇంకా నీళ్లలాగే కదులుతూ ఉంటుంది. మూలల కోసం ఆగితే మధ్య భాగం ఎండిపోయి, తరవాతి పొర దానికి అతుక్కోదు. ఆగకుండా చుడితే మూలల్లోని పచ్చి సొన కిందికి జారి, అక్కడే పట్టుకుని, తరవాతి మడతలో అంచు చిరుగుతుంది. కోసినప్పుడు పొరల మధ్య సందులు కనిపించే తమగోయాకి చాలావరకు ఇలాంటి పెనంలోంచి వచ్చిందే. చేసినవాళ్లు తమ చేతిని తిట్టుకుంటారు.

రాగి నెగ్గేది ఇక్కడే. ఉష్ణవాహకత అంకెల్లో చూస్తే రాగి సుమారు 400, అల్యూమినియం 235 దగ్గర, ఇనుము 80, స్టెయిన్‌లెస్ స్టీలు 15 (మీటరుకి, ఒక్కో డిగ్రీకి, వాట్లలో). అంటే మధ్యలో తగిలిన మంట మూలలకి పాకడంలో రాగి ఇనుము కంటే అయిదు రెట్లు చురుకు. రెండో లాభం, ఒకే మందం రేకుల్లో రాగి అల్యూమినియం కంటే 40 శాతం దాకా ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. చల్లటి సొన పోసినప్పుడు పెనం ఒక్కసారిగా డీలా పడదు. మూడోది, మంట మీంచి ఎత్తగానే తగ్గిపోతుంది. జపాన్ వంటవాళ్లు తమగోయాకి చేసేటప్పుడు చూడండి, గ్యాస్ నాబ్ జోలికి పెద్దగా పోరు. పెనాన్నే ఎత్తుతూ దించుతూ ఉంటారు. ఇనప పెనం ఎత్తినా దాని వేడి దానిదే, గుడ్డు ఉడుకుతూనే ఉంటుంది.

మరి ఈ తేడా అందరికీ అవసరమా? అవసరం లేదు. మీరు చేసే తమగోయాకి ఏ పద్ధతిదో దాన్నిబట్టి ఉంటుంది. టోక్యో వైపు, అంటే కాంటో పద్ధతిలో పంచదార, సోయా సాస్ వేసి, దాషి అనే పల్చటి రసం తక్కువగా పోసి, పైన కాస్త రంగు వచ్చేలా కాలుస్తారు. సొన చిక్కగా ఉంటుంది, త్వరగా గట్టిపడుతుంది, చుట్టడం తేలిక. ఇంట్లో లంచ్ బాక్సులోకి ఇదే చేసుకునేవాళ్లయితే నాన్‌స్టిక్ హాయిగా సరిపోతుంది. ఆ మాటకొస్తే పంచదార ఉన్న సొన రాగి మీద రెప్పపాటులో మాడుతుంది కూడా. టోక్యో సుషీ దుకాణాల్లో ఇదే తీపి గుడ్డుకి చదరపు రాగి పెనాలు వాడతారు, నిజమే. వాళ్లది రోజూ అదే పని.

ఒసాకా, క్యోటో వైపు, అంటే కాన్సాయ్ పద్ధతిలో చేసే దాషిమాకి కథ వేరు. పంచదార ఉండదు, ఉన్నా నామమాత్రం. కొంబు నాచు, కత్సువోబుషి అనే ఎండుచేప తురుముతో కాచిన దాషి మాత్రం దండిగా పోస్తారు. ఇంట్లో మూడు గుడ్లకి మూడు పెద్ద చెంచాలు, అంటే 45 మిల్లీలీటర్లు పోస్తే మామూలు. చెయ్యి తిరిగినవాళ్లు దానికి రెట్టింపు పోస్తారు. గుడ్డులోని ప్రొటీన్లు అంతగా పల్చబడ్డాక అవి అల్లుకుని నిలవాలంటే వేడి చప్పున, అంతటా సమంగా తగలాలి. తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే, పచ్చసొన 65 నుంచి 70 మధ్య బిగుసుకోవడం మొదలవుతుంది. మెల్లగా ఉడికితే పొర వదులుగా ఉండి దాషి కారిపోతుంది, ఎక్కువ ఉడికితే పిండినట్టు బయటికి వచ్చేస్తుంది. పైగా దాషిమాకికి రంగు రాకూడదు, లేతపసుపుగానే ఉండాలి. వేడి కావాలి, కానీ మాడకూడదు. ఈ రెండూ ఒకేసారి ఇచ్చేది రాగే. దాషిమాకి చేయాలన్న కోరిక ఉంటే నేను మొహమాటం లేకుండా రాగే కొనమంటాను.

నాన్‌స్టిక్ విషయంలో ఒక మాట ఒప్పుకోవాలి. పల్చటి రేకు రకం కాకుండా మందపాటి అల్యూమినియం మీద పూత వేసినది తీసుకుంటే, సమంగా కాలడంలో అది రాగికి బాగా దగ్గరగా వస్తుంది. ధర చాలా తక్కువ, బరువు తక్కువ, టెన్షన్ లేదు. నేర్చుకునేవాళ్లకి నేను చెప్పేది అదే. చిక్కల్లా పూతతోనే. తమగోయాకికి చాప్‌స్టిక్స్ మొనలు పెనం అడుగున తిరుగుతూనే ఉంటాయి, మూలల్లో పూత ముందు పోతుంది. పోయాక దానికి మరమ్మతు లేదు, పారేయడమే. రాగి పెనం లోపలి పూత అరిగితే మళ్లీ వేయించుకోవచ్చు.

ఇనపది మొండి ఘటం. జపాన్‌లోని ఇవాతేలో పోత పోసే నాంబు ఇనపవీ ఉన్నాయి, పల్చటి రేకువీ ఉన్నాయి. నూనె పట్టించి కొన్నాళ్లు వాడితే అంటుకోదు, తరాలపాటు ఉంటుంది, ఇండక్షన్ మీదా పనిచేస్తుంది. తీపి తమగోయాకికి చక్కటి రంగు, వాసన వస్తాయి. కానీ పోత ఇనుము వేడెక్కడం ఆలస్యం, చల్లారడం ఇంకా ఆలస్యం. దాషిమాకి దాంట్లో చేయలేమని కాదు, చేసేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం దాంతో కుస్తీ అనిపిస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు పెనం వద్దు. గుండ్రటి అట్ల పెనంలో కూడా చుట్టుకోవచ్చు, చివర్లు కోసేస్తే సరి.

ఇక రాగి కొనాలని తేల్చుకున్నవాళ్లకి. ఆన్‌లైన్‌లో "కాపర్" అని పేరు పెట్టి అమ్మే చవక పెనాల్లో చాలావాటికి రాగితో సంబంధం ఉండదు. అల్యూమినియం మీద రాగిరంగు నాన్‌స్టిక్ పూత, అంతే. అసలుది చేత్తో ఎత్తితేనే తెలుస్తుంది. 18 సెంటీమీటర్ల చదరపుది కిలోకి అటూ ఇటూగా తూగుతుంది. లోపల వెండిలా తెల్లగా తగరం పూత ఉంటుంది, పిడి చెక్కది. టోక్యో వెళ్లే పని ఉంటే వేనో, అసకుసా మధ్య ఉన్న కప్పాబాషి వీధిలో వంటసామాన్ల దుకాణాలు వరసగా ఉంటాయి. నాలుగు పెనాలు చేతిలోకి తీసుకుని మణికట్టుకి ఏది సరిపోతుందో చూసుకుని కొనండి. బరువు సంగతి ఫొటోలో తెలియదు.

లోపలి తగరం మనకి కొత్తేం కాదు. మన ఇత్తడి గిన్నెలకి, రాగి గుండిగలకి వేయించే కళాయే అది. దాని గుణాలు మన పెద్దవాళ్లకి బాగా తెలుసు. తగరం 232 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద పెట్టి ఫోన్ వచ్చిందని పక్కకి వెళ్తే చాలు, కళాయి మెరుస్తూ ముత్యాల్లా పోగవుతుంది. అందుకని నూనె వేశాకే పొయ్యి వెలిగించండి, మంట పెనం అడుగు దాటి పక్కలకి రాకుండా చూసుకోండి. ఇనప అట్లకాడ, స్టీలు పీచు దగ్గరికి రానివ్వొద్దు. చాప్‌స్టిక్స్ గానీ చెక్క గరిట గానీ వాడండి. వాడగా వాడగా తగరం బూడిదరంగుకి తిరుగుతుంది, అది మామూలే, తోమి తెల్లగా చేయాలని చూడొద్దు. అడుగున ఎర్రగా రాగి బయటపడినప్పుడు మాత్రం మళ్లీ వేయించాలి. జపాన్‌లో తయారీదారులు చాలామంది ఆ పని చేసిపెడతారు. మన దగ్గర కళాయి వేసేవాళ్లు దొరకడమే కష్టం. దొరికితే సీసం కలవని మంచి తగరమేనా అని అడిగి మరీ వేయించండి. బయటివైపు చిలుము పడితే మనవాళ్ల చింతపండు, ఉప్పు మందు బాగా పనిచేస్తుంది. ఆ పులుపు లోపలి కళాయికి తగలనివ్వకండి.

కొత్త పెనాన్ని కడిగి తుడిచి, సగానికి పైగా నూనె పోసి సన్నటి మంట మీద కొన్ని నిమిషాలు వేడిచేసి, ఆ నూనె తీసేసి తుడవండి. రోజువారీ వాడకంలో గుడ్డు చుట్టేముందు మడిచిన కాగితాన్ని నూనెలో ముంచి అడుగు, పక్కలు, ముఖ్యంగా మూలలు రుద్దాలి. వేడి సరిపోయిందా అన్నది అట్టు పోసేముందు నీళ్లు చిలకరించి చూసినట్టే చూడాలి. చాప్‌స్టిక్ మొనతో చుక్క సొన గీస్తే చుయ్‌మని వెంటనే గట్టిపడాలి. పొగ వస్తే ఎక్కువైనట్టు, అప్పుడు తడిగుడ్డ మీద ఒక్క క్షణం ఆనించండి. సొన పల్చగా పోసి, బుడగలు లేస్తే పొడిచి, పైన ఇంకా తడి ఉండగానే చుట్టేయాలి. చుట్టను ఓ పక్కకి నెట్టి, ఖాళీ అయిన చోట మళ్లీ నూనె రుద్ది, రెండో పొర పోశాక చుట్టను కాస్త ఎత్తి దాని కిందికి కూడా సొన పారించడం మరిచిపోవద్దు. పొరలు అతుక్కునేది దానివల్లే. అయ్యాక పెనం గోరువెచ్చగా ఉండగానే వేడినీళ్లతో మెత్తటి స్పాంజితో కడిగి, తుడిచి ఆరబెట్టాలి.

ఆకారం విషయానికొస్తే, చదరంగా ఉండేది కాంటో రకం, ముందునుంచి వెనక్కి పొడవుగా ఉండేది కాన్సాయ్ రకం. అడ్డంగా వెడల్పున్న నగోయా రకం కూడా ఉంది, దాని కోసం వెతకనక్కర్లేదు. ఇంటికి కాన్సాయ్ రకమే మేలు. పొడవు ఉన్నకొద్దీ ఎక్కువసార్లు తిరుగుతుంది, పొరలు ఎక్కువ వస్తాయి, వెడల్పు తక్కువ కాబట్టి చాప్‌స్టిక్స్‌కి అదుపులో ఉంటుంది. 12 సెంటీమీటర్ల వెడల్పు, 16 నుంచి 18 పొడవు ఉన్నదాంట్లో రెండుమూడు గుడ్లు సరిగ్గా పడతాయి. 18 చదరంలో అయిదారు గుడ్లు లేకపోతే పొర మరీ పల్చనై చిరుగుతుంది, కాబట్టి ఇంట్లో ఇద్దరే ఉంటే పెద్దది కొనకండి. చదరపు పెనంతో పాటు అమ్మే చెక్క మూత తిరగేయడానికి, అణచడానికి పనికొస్తుంది, కాన్సాయ్ రకానికి దాని అవసరం లేదు. పిడి విడిగా దొరికే రకమైతే ఇంకా మంచిది. మంట తగిలి ముందు పాడయ్యేది అదే, దానికోసం పెనం మొత్తం మార్చనక్కర్లేదు.