గాయపడ్డ మన సిపాయిల చరిత్రకు ఏది మేలు: ఆసుపత్రి కాగితాలా, సెన్సార్ చదివిన ఉత్తరాలా?

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడ్డ భారత సిపాయిలకు 1914 చివరి నుంచి ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో వైద్యం జరిగింది. రాయల్ పెవిలియన్, కిచెనర్ ఆసుపత్రి అందులో ముఖ్యమైనవి. వీళ్ల మీద పరిశోధనకు రెండు ప్రధాన ఆధారాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి: ఆసుపత్రి నివేదిక ఒకటి, సిపాయిల ఉత్తరాలను తనిఖీ చేసిన సైనిక సెన్సార్ దాచిన ముక్కలు మరొకటి.

చాలామంది ముందు ఉత్తరాల మీదికి వెళ్తారు. సిపాయి మాట నేరుగా వినిపిస్తుందని ఆశ. కానీ మన చేతికొచ్చేది అసలు ఉత్తరం కాదు. చదువు రాని సిపాయి చెబుతుంటే మరొకరు రాశారు. సెన్సార్ కార్యాలయం అందులో కొన్ని ముక్కలే ఏరి, ఇంగ్లీషులోకి మార్చి, నివేదికలకు జతచేసింది. సైన్యం మనోబలం ఎలా ఉందో పైవాళ్లకు చెప్పడం దాని పని. సెన్సార్ చూస్తాడని సిపాయిలకూ తెలుసు. అందుకే భారత సైనికులను 'నల్ల మిరియాలు' అని, తెల్లవాళ్లను 'ఎర్ర మిరపకాయలు' అని గుట్టుగా రాసుకున్నారు. కాబట్టి నిరాశతో నిండిన ఉత్తరాలను లెక్కపెట్టి 'ఇంత శాతం మంది కుంగిపోయారు' అని తేల్చడం తప్పు. ఆ లెక్క సెన్సార్ ఎంపికను చూపిస్తుంది, జబ్బును కాదు.

ఆసుపత్రి వైపు చూస్తే, కిచెనర్ ఆసుపత్రి అధిపతి కర్నల్ బ్రూస్ సీటన్ 1915లో 1,000 గాయాలను పరిశీలించి రాసిన నివేదిక ఉంది. చేతి గాయాలు ఎక్కువగా కనిపించడంతో సిపాయిలు కావాలనే కాల్చుకుంటున్నారన్న అనుమానం బలపడింది. ఆ వాదనకు సీటన్‌కు ఆధారం దొరకలేదు. కందకంలోంచి కాల్చేవాడికి తలా చేతులే బయటపడతాయని గుర్తుంచుకుంటే ఆ గాయాల్లో వింతేమీ లేదు. అయితే ఈ నివేదికలో గాయం ఉంది గానీ నొప్పి లేదు. పైగా రాసినవాడు ఆసుపత్రిని నడిపే అధికారి.

ప్రశ్న గాయం గురించైతే సీటన్ నివేదికే మేలు. భయం, ఇంటి బెంగ, చనిపోయిన తోటివాడి జ్ఞాపకం గురించైతే ఉత్తరాలు లేకుండా కుదరదు. రెండూ కావాలంటే నివేదిక ముందు చదవండి. లేకపోతే ఉత్తరంలోని అతిశయోక్తిని వైద్య సాక్ష్యంగా తీసుకునే ప్రమాదం ఉంది. ఉత్తరాల్లో ఏరిన ముక్కలతో పాటు సెన్సార్ రాసిన ముందుమాట కూడా తప్పక చదవాలి. ప్రతి ముక్కకూ తేదీ, రాసినవాడి ఆసుపత్రి, ఎవరికి రాశాడు, అసలు భాష ఏది అనే నాలుగు గడులు పెట్టుకోండి. భాష గడి ఖాళీగా ఉంటే ఆ ముక్కలోని పదాల మీద వాదన కట్టొద్దు.

స్మారకాల జాబితాలు మూడో దారి. బ్రైటన్ దగ్గర 53 మంది హిందూ, సిక్కు సైనికులను దహనం చేసిన చోట కట్టిన ఛత్రి అనే స్మారకాన్ని 1921లో ఆవిష్కరించారు. పేర్లను సరిచూసుకోవడానికి ఇలాంటి స్మారకాల జాబితాలు పనికొస్తాయి. బతికి ఇల్లు చేరిన క్షతగాత్రుడు మాత్రం వీటిలో ఉండడు.

తెలుగు సిపాయిల కోసం వెతికేవారికి బ్రైటన్ ఉత్తరాల్లో దొరికేది తక్కువ. అవి ఎక్కువగా పంజాబ్, వాయవ్య సరిహద్దు, గఢ్వాల్ వాళ్లవి. మద్రాస్ సాపర్స్ (సైన్యంలోని ఇంజినీరింగ్ దళం) వంటి దళాలు మెసొపొటేమియాలో (నేటి ఇరాక్) పనిచేశాయి. వాటి కోసం లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న యుద్ధ దినచర్య పుస్తకాలు (వార్ డైరీలు) అడగండి. అదే రంగంలోని ఫీల్డ్ అంబులెన్సుల (యుద్ధరంగానికి దగ్గరగా ఉండే సైనిక వైద్య దళాల) దినచర్యలనూ వాటి పక్కన పెట్టుకుని, తేదీలు కలుపుతూ చదవండి.