వంద పూసల గణితమాల: ఆన్‌లైన్ క్లాసులో చిన్నపిల్లల లెక్కలకి కొనొచ్చా?

నేను హనుమకొండలో ఒక చిన్న ప్రైవేట్ స్కూల్లో యూకేజీ, ఫస్ట్ క్లాస్ పిల్లలకి లెక్కలు చెప్తానండి. 2020 మార్చిలో స్కూళ్ళు మూసేశాక దాదాపు ఏడాదిన్నర మా పిల్లల్ని ఫోన్‌లోనే చూశాం. ఆ సెప్టెంబర్ 1 నుంచి టీవీ పాఠాలు మొదలయ్యాయి కానీ అవి మూడో తరగతి నుంచి పైవాళ్ళకి, మా బుజ్జిగాళ్ళకి ఏం లేవు. అప్పుడు కొన్నాను ఈ గణితమాల. ఇప్పుడు మళ్ళీ డల్లాస్‌లో ఉన్న మా అక్క కూతురికి, ఐదేళ్ళది, వారానికోసారి వీడియో కాల్‌లో లెక్కలు చెప్తున్నా కదా దానికోసం ఇంకోటి తెప్పించాను, అందుకే రెండుసార్ల అనుభవం కలిపి రాస్తున్నా.

వస్తువు చాలా సింపుల్. లావు దారానికి వంద పూసలు, పది ఎర్రవి పది తెల్లవి మళ్ళీ పది ఎర్రవి అలా, పూసలు జరుపుకోవడానికి చివర్లో కొంచెం ఖాళీ దారం. అంతే. నాకు రెండు వందల లోపే పడింది.

మొదట్లో నేనూ ఇంట్లో ఉన్నవాటితోనే చేయించాను, చింతగింజలు, గవ్వలు, కోడిగుడ్ల ట్రే. ముప్పై గుడ్ల ట్రేలో వరసకి ఐదు గుంటలుంటాయి కదా, రెండు వరసలు కత్తిరిస్తే సరిగ్గా పది, ఒక్క ట్రేకి పది గుంటల డబ్బాలు మూడు వస్తాయి, అది ఇప్పటికీ నాకు ఇష్టం. ఓమనగుంటల పీట ఉన్నవాళ్ళు అదే తెచ్చుకునేవాళ్ళు. కానీ ఎనిమిది మంది పిల్లలు ఒకేసారి స్క్రీన్ మీద గింజలు చూపిస్తే ఎవరు పదిహేడు పెట్టారో ఎవరు పద్దెనిమిది పెట్టారో నేనెలా చూడాలి, ఒక్కొక్కళ్ళవి లెక్కపెట్టేసరికి మిగతావాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. గణితమాలతో ఆ బాధ పోయింది. ఇరవై ఏడో పూస తర్వాత బట్టల క్లిప్పు పెట్టండి అంటే, ఒక ఎరుపు ఒక తెలుపు దాటి ఇంకో ఎరుపులో ఏడు, దూరం నుంచే కనిపిస్తుంది. కొన్నాళ్ళకి పిల్లలు కూడా ఒకటి నుంచి లెక్కపెట్టడం మానేసి పది, ఇరవై అని దూకి ఏడు పట్టుకోవడం మొదలుపెట్టారు. నాకు కావాల్సింది అదే.

ఇంకోటి, ఫోన్ సౌండ్‌లో థర్టీన్, థర్టీ ఒకేలా వినిపిస్తాయి. తెలుగులో చెప్తే పదమూడు, ముప్పై తేడా బాగానే తెలుస్తుంది కానీ ఇరవై, అరవై దగ్గర మళ్ళీ అదే గొడవ. నెట్ వీక్‌గా ఉంటే చెప్పక్కర్లేదు. దండ చేతిలో ఉంటే పిల్లలు ఏం విన్నారో క్లిప్పు చూస్తే తెలిసిపోతుంది, వినడంలో తప్పా లెక్కలో తప్పా అని అర్థమవుతుంది, ఊరికే తప్పు తప్పు అని పిల్లల్ని బెదరగొట్టే పని ఉండదు.

ఇక లోపాలు. మొదటిసారి స్కూల్ కోసం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర పది తెప్పించి పిల్లల ఇళ్ళకి పంపించాం. ఒక బాబు లెక్కపెట్టి "మేడమ్, నాకు తొంభై తొమ్మిదే వస్తున్నాయి" అన్నాడు. నేను మళ్ళీ లెక్కపెట్టు నాన్నా అన్నాను. మళ్ళీ తొంభై తొమ్మిదే. మూడోసారి కూడా నేను నమ్మలేదు, వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు వాళ్ళమ్మని కెమెరా దగ్గరగా పెట్టమంటే, చివరి తెల్ల గుంపులో నిజంగానే తొమ్మిదే ఉన్నాయి. ఐదేళ్ళ పిల్లాడు మూడుసార్లు సరిగ్గా లెక్కపెట్టాడు, వాడికి అందరి ముందు సారీ చెప్పాను, ఆ రోజు క్లాసంతా ఎవరి దండ వాళ్ళు చెక్ చేసుకోవడంతోనే అయిపోయింది. ఇంకో రెండింటికి రంగు చేతులకి అంటింది. కొనగానే గుంపు గుంపుకీ పది ఉన్నాయో లేదో చూసుకోండి, ఒక పూస తడిగుడ్డతో రుద్ది చూడండి.

వాడేటప్పుడు ఒక విషయం, ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తుగా ఒక చివర పసుపు దారం కట్టండి. సెల్ఫీ కెమెరాలో పిల్లలకి తమ బొమ్మ అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది, ఎడమ నుంచి అంటే గందరగోళం, పసుపు దారం వైపు నుంచి అంటే ఏ గోలా లేదు. ఫోన్‌ని మొహానికి కాకుండా చేతులకి కనిపించేలా స్టూల్ మీద రెండు పుస్తకాలు పేర్చి ఆనించి పెట్టండి. ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే దండ వాళ్ళకి అందకుండా చూడాలి, దారం తెగితే పూసలు నోట్లో పెట్టుకుంటారు.

యాప్స్ ఉండగా ఇదెందుకు అని కొందరు పేరెంట్స్ అడుగుతారు. ఖాన్ అకాడమీ కిడ్స్ ఉంది, ఫ్రీ, యాడ్స్ ఉండవు, మా దానికి అందులో ఎలుగుబంటి పేరు కోడీ అని తెలిసి పడీపడీ నవ్వింది. ఆడుకోనివ్వండి. కానీ నలభై అంటే ఎంత పొడుగో, నాలుగంటే ఎంతో, ఆ తేడా చేత్తో పట్టుకుంటేనే ఈ వయసు వాళ్ళకి ఎక్కుతుందని నా నమ్మకం.

నేను ఐదుకి నాలుగు ఇస్తా, ఒకటి తగ్గించింది ఆ తొంభై తొమ్మిది పూసలకే. దూరం నుంచి చెప్పేవాళ్ళయితే రెండూ ఒకే రంగువి తీసుకోండి, ఒకటి మీ దగ్గర ఒకటి పిల్లల దగ్గర. నాది ఎరుపు తెలుపు, డల్లాస్‌లో దానిది నీలం పసుపు, ప్రతి వారం "పిన్నీ నీ రెడ్ అంటే నా బ్లూనా" అని అడిగాకే లెక్క మొదలవుతోంది.