లంగరు తాడా, ఎస్ఎంబీనా? పడవ మీంచి దిగినవాళ్లు పైకి రావడానికి ఏది మేలు

బరంపురం, ఇచ్ఛాపురం వైపు కొత్తగా స్కూబా నేర్చుకున్న కుర్రాళ్లంతా తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు: అన్నా, పైకి వచ్చేటప్పుడు లంగరు తాడు పట్టుకోవాలా, ఎస్ఎంబీ వదలాలా అని. ఎస్ఎంబీ అంటే నీళ్ల కిందే గాలి నింపి, దారంతో పైకి వదిలే పొడుగాటి రంగు గొట్టం, కింద మనిషున్నాడని పైవాళ్లకి అదే గుర్తు. పైకొచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు దాటకపోవడం, 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు ఆగడం, ఊపిరి బిగబట్టకపోవడం ఎలా వచ్చినా తప్పవు కాబట్టి వాటి జోలికి పోను.

తాడుతో సుఖం ఏంటంటే, మన బంగాళాఖాతంలో నీళ్లు ఎంత మసకగా ఉన్నా కంటికి ఒక ఆనవాలు ఉంటుంది, పైన పడవ ఖాయం. బారువ దగ్గర మునిగిన చిల్కా ఓడ లాంటి చోట, దిగిన తాడు దగ్గరికే తిరిగి రాగలిగితే నేనూ తాడే పట్టుకుంటా. కాకపోతే అలకి పడవ లేచినప్పుడల్లా తాడూ లేస్తుంది, గట్టిగా పట్టుకున్నారో మీరూ దాంతోపాటే కిందికీ మీదికీ ఊగుతారు, అందుకని పిడికిలి వదులుగా ఉంచాలి. గ్లవ్స్ కూడా వేసుకోండి, తాడుకు పట్టిన గుల్లలు చెయ్యి కోసేస్తాయి.

అసలు తంటా ఆ తాడు దొరకడంలోనే ఉంది. నీటి లాగుడు బలంగా ఉన్నరోజు ఎదురీది సిలిండర్‌లో గాలి సగం ఊదేసి, తీరా అది అందకపోతే నడి నీళ్లలో చేతిలో ఏమీ ఉండదు. అందినా జెండాలా రెపరెపలాడుతూ 3 నిమిషాలు వేలాడాలి.

నా మటుకు తేల్చేది ఒక్కటే, నువ్వెక్కడున్నావో పైనున్నవాళ్లకి తెలుస్తోందా లేదా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, అది అయ్యాక మోటారు బోట్లు ఎటు నుంచి ఎటు పోతాయో చెప్పలేం, నీళ్లలోంచి తల పైకొచ్చేచోటికే బోటు కింద తిరిగే ఫ్యాను వస్తే ఇంకేముంది? అందుకే నా ఓటు ఎస్ఎంబీకి, తాడుతో వస్తున్నా ఒకటి జేబులో ఉండాల్సిందే. 10 మీటర్ల లోతు దగ్గర సగం నింపితే చాలు, పైకి చేరేసరికి గాలి రెట్టింపై అదే నిండుతుంది. వదిలే ముందు పైకి చూడండి, దారం చుట్టిన స్పూల్‌ని మాత్రం ఒంటికి తగిలించుకోకండి, దారం ఇరుక్కుందంటే మిమ్మల్నీ లాక్కుపోతుంది. మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది, లోతు తక్కువున్నచోట చేతికి అలవాటు చేసుకోవాలి.

ఇంకోటి, చిన్న ఎస్ఎంబీ కొనకండి. మన దగ్గర వలలకి థర్మోకోల్ ముక్కలు, ప్లాస్టిక్ క్యాన్లు కడతారు కదా, నీళ్ల మీద అడ్డంగా పడున్న పొట్టి ఎస్ఎంబీ దూరం నుంచి అచ్చం అలాగే కనిపిస్తుంది. మనిషెత్తుది తీసుకుని, కింద నుంచి దారం బిగలాగి నిలబెట్టాలి.

వాలు వెంబడి నేల చూసుకుంటూ పైకి రావడం రాళ్లున్నచోట బానే ఉంటుంది, మన ఇసుక తీరానికి పెద్దగా పనికిరాదు. ఏ ఆధారం లేకుండా లోతు చూపే గేజీ చూసుకుంటూ రావడం గతిలేనప్పటి మాట.

ఎస్ఎంబీతో వచ్చేట్టయితే దిగకముందే పడవ నడిపే అన్నతో మాట్లాడుకోండి. నారింజ రంగుది లేచిందంటే లంగరు ఎత్తేసి దాని వెనకాలే రావాలి, కానీ మరీ దగ్గరికి రాకూడదు, మేం పైకి తేలి సైగ చేశాకే ఇంజను ఆపి ఎక్కించుకోవాలి అని. తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా, ఆయన చేత ఒకసారి తిరిగి చెప్పించుకోండి.